ఒక్క రింగు

మాపటి అసర్ అజాన్ అయిపోయి, నమాజు చదువుకున్నోళ్ళు మసీదు మెట్లు దిగి, చెప్పులు వెతుక్కోని ఎవరి అంగళ్ళకు వాళ్ళు పోయి గూడా శానా సేపయింది. ఫోను మాత్రం మోగలేదు. కౌసర్ దాని తట్టు చూడగూడదనుకుంటూనే చూస్తాంది. బట్టలంగడి మీద మిద్దెగది ఇది. ప్రొద్దుటూరులో ఇట్లాంటి గదులు ఎన్నో, కింద చీరలు, పైన ఏదో ఒక ఆఫీసు. ఈ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మంచినీళ్ళ కూజా, బల్ల మీద పాతకాలం ల్యాండ్‌లైను, గోడ మీద "తోడు" అని రాసిన బోర్డు, అంతే. బతకబుద్ధి కానోళ్ళు ఎవరైనా ఈ నంబరుకు ఫోన్ చేసి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. పేరు చెప్పే పని లేదు, ఊరు చెప్పే పని లేదు. చేసినోళ్ళ నంబరు కూడా ఈ ఫోను మీద పడదు. ఈ సంస్థను నడిపే మాధవి మేడం కావాలనే అట్లాంటి ఫోను వెతికి తెచ్చిపెట్టింది. నంబరు మన దగ్గర పడుతుందంటే జనం భయపడతారండీ, అనింది. మంచి మాటే. నిన్నటి దాకా కౌసర్‌కూ మంచి మాటే అనిపించింది. ఈపొద్దు మాత్రం ఆ నల్ల డబ్బాను ఎత్తి గోడకేసి కొట్టాలనిపిస్తాంది. తిరిగి చేద్దామంటే యాడికి చేస్తావు? ఎవురికి చేస్తావు? ఆ పిల్ల పేరేందో తెలీదు, ఊరేందో తెలీదు, బతికుందో లేదో తెలీదు. యా అల్లా, ఒక్క రింగు. ఒక్కటంటే ఒక్కటి. ఈసారి ఎత్తనులే, నా మీద ఒట్టు, మోగి ఆగిపోనీ, సాలు.

ఒక్క రింగంటే బాగుండానని. ఈ లెక్క ఆ పిల్లకు నేర్పింది కౌసరే, కౌసర్‌కు నేర్పింది కువైట్. కువైట్ అంటే ఆమె మొగుడు అలీ అహ్మద్. ఆడ ఎవరో షేకు ఇంట్లో కారు తోలుతా ఉన్నన్నాళ్ళూ అసర్ నమాజు అయినంక ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే బాగుండానని, రెండు ఇస్తే చెప్పాల్సిన సంగతి ఏదో ఉందని, రోంత ఆగి చేస్తానని. ఒక్క కౌసర్ ఇల్లేంది, గల్ఫుకు పోయినోళ్ళ ఇండ్లన్నిట్లో అదే వరస. ఆ వేళకు వీధిలో ఒక్కో ఇంట్లో ఒక్కో ఫోను కుయ్‌మని ఆగిపోయేది, ఆడోళ్ళు చేతిలో పని ఆపి, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకోని, మళ్ళా ఆ పనిలోనే పడేవాళ్ళు. కొత్తకోడలు ఎవరన్నా ఆత్రం పట్టలేక ఎత్తి ఆయన దుడ్లు కాల్చిందంటే ఇంటిల్లిపాదీ ఆమె మీద పడేవాళ్ళు. కౌసర్ కూడా ఒకసారి ఎత్తింది. అత్త గుల్జార్‌బీ చేతిలో గరిటె విసిరేసి, ఎత్తకపోతే సస్తావామే, అని అరిచింది. అత్త పోయి ఎన్ని ఏండ్లయింది! ఆ గరిటె పోయి గోడకు తగిలిన చప్పుడు ఇప్పుడు వినబడుతాంది. ఎత్తకపోతే ఎవురూ చావరు అత్తా. ఎత్తితేనే.

వద్దు. అట్లా అనుకోవద్దు. ఏమీ అయ్యుండదు. చార్జింగు లేదేమో. ఆ తట్టు కరెంటు పోయిందేమో. చీనీ కాయలు కోసే కాలం గదా, తోట నిండా కూలీలుంటారు, పక్కకు పోయేకి కుదిరుండదు. ఎదురు సందులో బంగారు పని చేసేవాళ్ళు చిన్న సుత్తులతో టిక్కు టిక్కుమని కొడుతానే ఉన్నారు, ఆ చప్పుడు మామూలుగా చెవికెక్కదు, ఈపొద్దు ప్రతి దెబ్బా పుర్రె మీద పడుతాంది. ఫ్యాను తిరగడం కంటే మూలగడమే ఎక్కువ. కింద అంగట్లో ఎవరో పెండ్లి చీరలు బేరం చేస్తాండారు, ఒకామె పగలబడి నవ్వుతాంది. నవ్వుకో తల్లీ, నీకేం.

ఆ పిల్ల గూడా నవ్వేది. మొదటిసారి చలికాలంలో చేసింది. ఈ నంబరు పన్జేస్తాదా లేదా అని చేసినా, అనింది, అని గమ్మునుండిపోయింది. ఇట్లా మొదలుపెట్టేవాళ్ళే శానామంది. నంబరు పన్జేస్తాదా అంటారు, మా చెల్లెలి కోసం అడుగుతాండా అంటారు. కౌసర్ గూడా గమ్మునే ఉంది. వినడమంటే గమ్మునుండడమే అని ట్రైనింగులో చెప్పిన ఆ ఒక్క మాట ఆమెకు బాగా పట్టుబడింది. ఉర్దూ స్కూల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న టీచరమ్మకు గమ్మునుండడంలో ఎంత సుఖముందో ఈ కుర్చీలోనే తెలిసింది. ఆపక్క నీళ్ళు పారే చప్పుడు, ఏదో పిట్ట, దూరంగా మోటరు. ‘చీనీ చెట్లకు నీళ్ళు కడ్తాండా. ఆయప్ప ఉండనిది ఈ ఏళే’ అనింది. బత్తాయి చెట్లను చీనీ చెట్లనేది ఈ సీమలోనే, చీనీ తోటలంటే పులివెందుల తట్టు. మాట గూడా ఆ తట్టు మాటే. కౌసర్‌కు తెలిసిపోయింది, తెలిసినా తెలీనట్టే ఉంది. ఆయప్పంటే మొగుడు. అనుమానం మనిషి. పెద్ద ఫోను నేలకేసి పగలగొట్టి, బటన్ల ఫోను ఒకటి చేతికిచ్చినాడంట, అది గూడా మోటరు కాడ కరెంటు వచ్చిందో లేదో తనకు చెప్పేకి. పక్క తోట ఆడోళ్ళతో నవ్వినా తప్పే. బస్సులో ఎవురన్నా జరిగి చోటిచ్చినా తప్పే. మీ అమ్మోళ్ళకు చెప్పినావా బిడ్డా అంటే, మాయమ్మ నాకు ఊహ రాకముందే పోయింది, ఇంగ చెప్పుకునేకి ఎవురుండారు, అనింది. ఆ తర్వాత అంది, మామూలుగా, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా: ‘సచ్చిపోదామని దినామూ అనుకుంటా పెద్దమ్మా. ఏదో ఒక పని అడ్డం పడ్తాది. నీళ్ళు కట్టాలనో, బర్రెకు గడ్డెయ్యాలనో.’ అని నవ్వింది. 

అప్పుడే కౌసర్‌కు తోచింది. మంచిదే తోచిందనుకుంది. ‘అట్లయితే నేనూ ఒక పని చెప్తా, చేస్తావా? దినామూ ఈ ఏళకు ఒక్క రింగిచ్చి పెట్టెయ్. నేనెత్తను. నువ్వేం మాట్లాడే పన్లేదు. చేసినంక ఆ నంబరు తుడిచెయ్ ఫోన్లోంచి. మోగి ఆగిపోతే, ఆ పిల్ల బాగుండాదిలే అనుకుంటా.’ ఆ పిల్లకు విడ్డూరమైపోయింది. దాని వల్ల మీకేమొస్తాది, అనింది. నాకు ఆ పూట బువ్వ సయిస్తాది, అని కౌసర్. ‘సరే పెద్దమ్మా. బర్రెకు గడ్డేసినంక చేస్తా.’ చేసింది. మర్నాడు చేసింది, ఆ మర్నాడు చేసింది. పండగలకు చేసింది, వానలో చేసింది. కౌసర్ పోయి మాధవి మేడంను అడిగి మాపటి డ్యూటీ వారమంతా తనకే రాయించుకుంది. మీ ఓపికకు దండం పెట్టాలండీ, అని ఆమె పొంగిపోయింది, ఆమెది కోస్తా, ప్రతి మాటకూ అండీ తగిలిస్తుంది. ఓపిక కాదు మేడం, స్వార్థం. చెప్పలేదు. చెప్తే ఒప్పుకోదు. మనం వినేవాళ్ళమే గానీ కాపలా కాసేవాళ్ళం కాదండీ, ఒక్కరికి కట్టుబడిపోతే మిగతావాళ్ళకు చెవి ఉండదండీ, అంటుంది. నిజమే అంటుంది. ఏది నిజమో, ఏది అబద్ధమో. ఆ రింగు మోగి ఆగిన క్షణాన కౌసర్ గుండెలో ఏదో మెత్తగా కుదురుకునేది, నడివయసులో, మొగుడు మంచాన పడి, పిల్లాజెల్లా లేని ఇంట్లో, అట్లాంటిది ఒకటి ఉంటుందనే మర్చిపోయిన మనిషికి.

ఫోను! కుర్చీలోంచి లేచింది. కాదు. ఆ చప్పుడు సంచిలోంచి, సొంత సెల్లు. ఒక్క రింగు మోగి ఆగింది. అలీ అహ్మద్. కువైట్ నుంచి కాలిపుండుతో తిరిగొచ్చిన మనిషి వసారాలో పండుకోని, టీ కావాలంటే ఇప్పటికీ మిస్డ్ కాలే ఇస్తాడు. ఆమె వంటింట్లో ఉన్నా అంతే, ఊర్లో ఉన్నా అంతే. నోరు తెరిచి కౌసర్ అని పిలిచి ఎన్నాళ్ళయిందో. ఛీ, నీ టీ మన్నుబడ, ఈ ఏళకేనా నీకు దప్పికయ్యేది! ఫ్లాస్కులో పోసి తలకాడ పెట్టే వచ్చినా గదా, చెయ్యి చాపితే అందుతాది గదా. చెయ్యి చాపడు. పాపం, ఆయనకు గూడా టీ కాదేమో కావాల్సింది. ఆ ఆలోచన వచ్చినంత బిరీన పోయింది, ఈపొద్దు ఇంకొకరి మీద జాలిపడే ఓపిక లేదు ఆమెకు.

నిన్న ఎత్తింది. ఎందుకెత్తినావు కౌసర్, యాల ఎత్తినావు? నాలుగు దినాల నుంచి రింగు రోంత పొట్టిగా మోగుతున్నట్టు అనిపించింది. సగంలో తెగిపోతాన్నట్టు. రింగులో ఏం తెలుస్తాది, పిచ్చి గాకపోతే? కానీ కువైట్ రింగులు అన్నేండ్లు విన్న చెవి నాది, నాకు తెలీదా అనే పొగరు. గొంతు వినాలనే ఆశ. బాగుండావా అని ఒక్క మాట, ఒక్కటే, అడిగి పెట్టేద్దామని చెయ్యి ముందే రిసీవరు మీద పెట్టుకోని కూర్చుంది, మోగీ మోగకముందే ఎత్తేసింది. ‘ఏం బిడ్డా, బాగుండావా? ఏ ఊరు తల్లీ నీది? ఎవురోల్ల కోడలివి?’ అడగాలని అడగలేదు. అల్లా సాక్షిగా అడగాలని అడగలేదు, నోట్లోంచి అదే వచ్చేసింది. ఆపక్క ఒక ఊపిరి, అంతే. ఆ ఊపిరి వెనకాల మగగొంతు, ఆ ఏళకు ఎప్పుడూ ఇంట్లో ఉండని మనిషిది. ‘ఎవురే అది? ఏ ఊరని అడుగుతాంది, ఎవురే?’ ఈ బటన్ల ఫోన్లు అంతే, చెవి కాడ పెట్టుకుంటే వాకిట్లోకి వినబడతాయి. రింగిచ్చి పెట్టేస్తే చప్పుడుండదు. ఎత్తితే ఉంటాది. అదే గదా లెక్క. ఆ లెక్క చెప్పిందే నేను గదా. ‘ఎవురో, రాంగ్ నంబరు’ అని ఆ పిల్ల. ‘రాంగ్ నంబరుదానికి నీ ఊరెందుకే?’ అని ఆయప్ప. ఆ తర్వాత ఏదో కిందపడిన చప్పుడు. ఫోనో, పిల్లో. కట్.

ఏ ఊరు, ఎవురోల్లు. కౌసర్ పుట్టిన జమ్మలమడుగులో ఎవరైనా ఎవరినైనా ఆ మాట అడక్కుండా ఉంటే అది మర్యాద తక్కువ. వాళ్ళమ్మ బస్సెక్కితే పక్కనున్నోళ్ళు ఎవరైనా సరే, టికెట్టు తీసేలోపల ఏ ఊరని, ఎవురోల్లని అడిగేది, అడిగి, ఓహో వాళ్ళా, మీ మేనమామ మా వీధికి గాజులమ్మేకి వచ్చేవాడే అని ఏదో ఒక దారం పట్టుకోని గుంజేది, దిగేలోపల చుట్టరికం కలిపేసి, సంచిలోంచి పుచ్చకాయ ముక్కో సెనక్కాయలో తీసి ఒళ్ళో పోసేది. అమ్మీ, ఎవురో ఏమో, నీకెందుకు అని కౌసర్ సిగ్గుపడితే, ఎవురో ఏమో అయితే ఎట్లా, అడిగితే గదా మనోళ్ళయ్యేది, అనేది. ఆ అడగడమే ప్రేమ అనుకోని పెరిగింది కౌసర్. ఈ కుర్చీలో కూర్చున్న మొదటి దినం నుంచి నాలుక చివరికి వచ్చిన ఆ మాటను మింగుతానే ఉంది. ఇంటర్ ఫెయిలయి ఏడ్చిన పిల్లోన్ని అడగలేదు, మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడని చెప్పినామెను అడగలేదు. అందరి కాడా మింగిన మాట పోయి పోయి ఎవరి కాడ అడగగూడదో ఆ పిల్ల కాడనే బయటపడింది. ఎందుకంటే ఆ పిల్ల మనోళ్ళయిపోయింది గదా. అదీ సంగతి. ప్రేమ పొంగింది నీకు, బాగా పొంగింది, ఆ పిల్ల వాకిట్లో పోయి ఒలికింది. ఏం మేలు చేసినట్టు నువ్వు? దినానికి ఒక్క రింగుతో అయినా నెట్టుకొస్తాన్న పిల్లను, గమ్మునుండలేక, నీ నోటితో నువ్వే పట్టిచ్చినావు.

ఈసారి మోగింది ల్యాండ్‌లైనే. కౌసర్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోని పిడికిళ్ళు బిగించింది. ఒకటి. ఆగు. ఆగు తల్లీ, ఆగిపో. ఆగలేదు, రెండు, మూడు. ఆ పిల్ల కాదు. ఎత్తింది, ఎత్తక తప్పదు, అందుకే గదా కూర్చుంది. ‘నేనేమ్మా, నారాయణను, కమలాపురం’ అని ముసలి గొంతు. పేరు చెప్పే పన్లేదు పెద్దాయనా అని ఎన్నిసార్లు చెప్పినా పేరూ ఊరూ చెప్పకుండా మాట మొదలుపెట్టలేడు ఆయన. పెండ్లాం పోయి ఒంటిగాడయినాడు. ఇంగెందుకమ్మా బతకాల, అని ఒకసారి ఫోన్ చేసినోడు, మాటలో మాట వచ్చి చారు ఎట్లా కాయాలో అడిగినాడు, అప్పటి నుంచి చారు కోసమే చేస్తాడు. ‘చింతపండు ఎంత వెయ్యాల్నో తెలీలా తల్లీ. ఆమె గుప్పెట్లో పట్టుకోని వేసేది, ఆ గుప్పెట్లో ఎంత ఉండేదో నేను యానాడూ చూడలా.’ వేరే రోజయితే ఆ మాటకు కౌసర్ కండ్లు తడి అయ్యేవి. ఈపొద్దు ఒకటే తలపు. లైను ఒక్కటే. ఈయన మాట్లాడినంతసేపూ ఆ పిల్ల చేస్తే ఎంగేజ్ వస్తాది. ‘నిమ్మకాయంత వెయ్యండి పెద్దాయనా, నానబెట్టి పిసకండి, ఉంటా.’ ‘ఉప్పు?’ ‘చేతికొచ్చినంత.’ ‘కోపంగా ఉండావామ్మా నా మీద?’ కౌసర్ కండ్లు గట్టిగా మూసుకుంది. ‘లేదు పెద్దాయనా. నాకే ఒంట్లో బాగలేదు.’ ‘అయ్యో, జాగ్రత్త తల్లీ. చారు తాగు, మిరియాలేసుకోని.’ పెట్టేసినాడు. ఆ ముసలాయన చారు కాస్తాడో, పొయ్యి ముందు కూర్చోని గోడ చూస్తాడో. ఇద్దరికీ గాకుండా పోయినా. మాధవి మేడం చెప్పింది ఇదే గదా, ఒక్కరికి కట్టుబడితే మిగతావాళ్ళకు చెవి ఉండదని. ఆమెదే నిజం. అందరిదీ నిజమే, నాదే తప్పు. ఈలోపల ఆ పిల్ల చేసిందేమో, చేసి, ఎంగేజ్ విని, పెట్టేసిందేమో. దాన్ని గూడా చెప్పదు ఈ నల్ల డబ్బా.

ఎండ కిటికీ దిగి గోడెక్కి పల్చబడిపోయింది. సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతాంది. పులివెందుల బస్సెక్కి పోతే? పోయి? పులివెందులలో దిగుతావు, ఆడి నుంచి ఏ తట్టు? చీనీ తోటలు ఒకటా రెండా, యాడ చూసినా అవే. బర్రె ఉన్న ఇల్లు. అనుమానం మొగుడున్న ఇల్లు. నవ్వితే గొంతు చివర రోంత జీర వచ్చే పిల్ల. అయ్యా, ఇట్లాంటి పిల్ల మీ ఊర్లో ఉందా అని అడిగితే ఏమంటారు? ఏ ఊరమ్మా నీది, ఎవురోల్లు, ఆ పిల్లకు ఏమైతావు, అంటారు. ఏమైతాను? ఏమీ కాను. గొంతును. కాదు, గొంతు గూడా కాదు, ఎత్తని ఫోనును. కౌసర్‌కు ఏడుపు రాలేదు, ఏడిస్తే ఏదో జరిగిపోయిందని ఒప్పుకున్నట్టే. కూజాలోంచి నీళ్ళు ఒంపుకుంది, తాగలేదు. రేపు. రేపు చేస్తాదిలే. దెబ్బలు తగిలుంటాయి, మూలిగి పండుకోనుంటాది, రేపు లేస్తాది, బర్రెకు గడ్డెయ్యాల గదా. గడ్డి ఎవురేస్తారు అది గాకపోతే? బర్రె ఊరుకోదు, అరుస్తాది. అరువమ్మా బర్రే, గట్టిగా అరిచి లేపు దాన్ని.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ మొదలయింది. కౌసర్ కొంగు తలమీదికి లాక్కుంది. పెదవులు కదిలినాయి గానీ మనసు నిలవలేదు. అజాన్ చివరి మాట గాలిలో ఉండంగానే ఫోను మోగింది.

ఒక్క రింగు.

ఆగిపోయింది.

చెయ్యి లేవబోయి, బల్ల అంచు పట్టుకోని నిలబడిపోయింది. ఎత్తలేదు. ఎత్తలేదు! ఇంకొకటి మోగుతాదేమోనని చూసింది. మోగలేదు. ఒక్కటే. బాగుండానని. ఓ నా తల్లీ, నా బంగారూ, ఎంత ఏడిపించినావే! ఆలస్యమయితే అయింది, రోంత గూడా కోపం లేదు, ఇంగ ఎప్పుడూ ఎత్తను, నువ్వు నూరేండ్లు రింగులిస్తానే ఉండు, నేను నూరేండ్లు ఎత్తకుండా ఉంటా. షుక్ర్, షుక్ర్ అల్లా. అప్పుడు వచ్చినాయి కన్నీళ్ళు, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ నవ్వుతాంది, కింద చీరల బేరమాడే ఆడోళ్ళు వింటే పిచ్చిదనుకుంటారు. బర్రె లేపిందే దాన్ని, బర్రెకు దండం. ఇంటికి పోతా పల్లీ చిక్కీ కొనుక్కోని పోవాల, ఆయనకు తీపి కూడదు, కూడకపోతే ఏం, ఒక ముక్క. సంచిలోంచి సెల్లు తీసి, ఎందుకో తెలీకుండానే, అలీ అహ్మద్‌కు ఒక్క రింగిచ్చి పెట్టేసింది. ఇన్నేండ్ల కాపురంలో ఆమె ఆయనకు మిస్డ్ కాల్ ఇవ్వడం ఇదే మొదలు. వసారాలో ఆ మనిషి ఉలిక్కిపడి ఫోను తట్టు చూసుంటాడు. బాగుండానయ్యా, నేను గూడా బాగుండా.

ల్యాండ్‌లైను మళ్ళా మోగింది.

కౌసర్ దాని ముందు నిలబడి తల అడ్డంగా ఊపింది, చిన్నపిల్లను బెదిరిస్తాన్నట్టు వేలు చూపించింది. ఎత్తను పో. నిన్న ఎత్తి సూసినా గదా. రెండు, మూడు, నాలుగు. ఆగింది. ఆ పిల్ల అయితే ఒక్కటితో ఆపేది, ఇది ఎవురో వేరే వాళ్ళు. ఎవరికో కష్టమొచ్చింది. నారాయణ పెద్దాయనేమో, చారు పులిసిపోయిందేమో, పాపం ఇందాక కసురుకున్నా. మళ్ళా మొదలయింది. ఇప్పుడు ఎవరి మాటయినా ఎంతసేపయినా వినే ఓపిక వచ్చింది ఆమెకు. ఎత్తింది.

‘పాప వాళ్ళమ్మేనా?’ అనింది ఒక ఆడగొంతు.

ఎవరి పాప అని అడగలేదు కౌసర్.

‘నేను పులివెందుల నుంచి తల్లీ, ఆస్పత్రిలో ఆయాను, గోవిందమ్మ అంటారు. ఇందాక రింగిచ్చింది నేనే, నా ఫోన్లోంచి. పొద్దున పక్క తోటోళ్ళు ఆటోలో ఏసుకోని తెచ్చినారు పాపను. తాగగూడనిది తాగింది. మొగుడు యాడికి పోయినాడో లేడు. రోంత సేపు బాగానే మాట్లాడింది నాతో. నా చెయ్యి పట్టుకోని ఈ నంబరు నోటికి చెప్పింది. ఎవురిది పాపా అంటే, మాయమ్మది అనింది. చేసిస్తా మాట్లాడు అంటే వద్దనింది. మాపటేల ఒక్క రింగిచ్చి పెట్టెయ్ అక్కా, మాయమ్మ ఎత్తదు, నేను బాగుండాననుకుంటాది, లేకుంటే ఆయమ్మకు బువ్వ సయించదు, అనింది.’ గోవిందమ్మ ముక్కు చీదిన చప్పుడు. ‘రేపు గూడా ఇయ్యక్కా, మర్చిపోవద్దు, అని ఒట్టేయించుకునింది. సరే అన్నా. మద్దేన్నం పోయిందమ్మా బిడ్డ. ఆ గలాటాలో మర్చిపోతి, ఇప్పుడు గుర్తొచ్చి ఇచ్చినా. ఇచ్చినంక నాకు మనసు ఆగలా. పానం లేని బిడ్డ బాగుండాదని తల్లికి చెప్పొచ్చునా? ఈపొద్దు ఇస్తి, రేపు ఇస్తా, అట్లా ఎన్నాళ్ళని ఇయ్యాల తల్లీ నేను?’

కిటికీ బయట సందులో దీపాలు వెలిగినాయి. కౌసర్ కుర్చీ కోసం చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది, దొరకలేదు, గోడకు ఆనుకోని అట్లనే కిందికి జారి కూర్చుంది. ఫోను వైరు సాగి బల్ల మీద కూజా పక్కకు ఒరిగింది.

‘వింటాండావా అమ్మా? ఏ ఊరు మీది? ఎంతసేపట్లో వస్తారు?’

‘ప్రొద్దుటూరు’ అనింది కౌసర్. ‘పాప పేరేంది?’

‘ఆఁ?’

‘పేరు.’

ఆపక్క ఎవరో మంచం చక్రాలు లాక్కోని పోతాన్న చప్పుడు. ‘నీ బిడ్డ పేరు నన్నడుగుతాండావా తల్లీ?’ అనింది గోవిందమ్మ. దుఃఖంతో మతి చెదిరిందనుకుందో ఏమో, గొంతు తగ్గించి, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ‘శిల్ప అమ్మా. శిల్ప. ఊరు సింహాద్రిపురం కాడ పల్లె అని చెప్పినారు తెచ్చినోళ్ళు.’

‘శిల్ప’ అనింది కౌసర్. ఇంకొకసారి అనింది. సంచిలో సెల్లు ఒక్కసారి మోగి ఆగింది.

‘రేపు రింగియ్యద్దక్కా. నేనే వస్తాండా.’